బుచ్చిరాములు తిన్న తలకాయ కూర

బుచ్చిరాములు నోరు తెరిచాడంటే అందులో సగం అబద్ధం, మిగిలిన సగం అంతకంటే పెద్ద అబద్ధం. కరీంనగర్ బస్సు ఆగీ ఆగనట్టు ఆగిపోయే ఆ చిన్న నేత పట్నంలో ఈ సంగతి నిన్న పుట్టిన పిల్లికూనకు కూడా తెలుసు. ఆయన వయసులో ఉండగా నడిపిన సాంచ, అంటే మరమగ్గం, ఎంత జోరుగా ఆడేదంటే, ఒకనాడు అటూ ఇటూ దారం మోసే దాని నాడె పట్టు తప్పి కిటికీలోంచి ఎగిరిపోయిందట. పోయి పోయి కొండగట్టు మీద ఒక కోతి చేతిలో పడిందట. కోతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత నున్నటి నాడె బుచ్చిరాములుది తప్ప ఇంకెవడిది అనుకుని, మర్నాడు భక్తుల జీపెక్కి వచ్చి కార్ఖానాలో అప్పజెప్పి పోయిందట.

"మరి కోతికి ఏమిచ్చినవే?" అని ఎవరైనా అడిగితే, "చాయ్ తాపిచ్చిన. చక్కెర తక్కువైందని మూతి ముడుసుకున్నది" అనేవాడు.

నమ్మనివాళ్ళంటే ఆయనకు రోత. నమ్మేవాళ్ళంటే అంతకంటే రోత. సేట్లంటే రోత, ఎందుకంటే వాళ్ళకు దారం పట్టుకుని రకం చెప్పడం రాదు, డబ్బు పట్టుకుని నోటు చెప్పడమే వచ్చు. లీడర్లంటే రోత, ఎందుకంటే వాళ్ళు తనకంటే చప్పగా అబద్ధాలాడతారు. తన వయసువాళ్ళంటే మరీ రోత, ఎక్కడ కూర్చున్నా మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడతారని. తన మోకాళ్ళు కూడా నొప్పే, కానీ ఆయన చెప్పేది వేరు: "నా మోకాళ్ళా? రెండు సాంచాల నడుమ నలభై ఏండ్లు ఉరికి ఉరికి పదును దేలినయ్. గంతే."

ఇంతటి మనిషి మాటలకు ఊ కొట్టే మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, పెళ్ళాం శంకరవ్వ. పిల్లలు లేరు. రాత్రి కంచాల ముందు ఇద్దరూ కూర్చుంటే, ఆయన కోతిని జీపెక్కించేవాడు, ఆమె "ఊఁ, ఎక్కినంక?" అనేది. మూడేళ్ళ కింద ఛాతీ నొప్పి అంటూ పడుకుని శంకరవ్వ లేవలేదు. అదే ఏడు ఆర్డర్లు లేక కార్ఖానా మూతపడింది. అంతకుముందే ఉన్న షుగరు, బీపీ మాత్రం ఎటూ పోలేదు. దరిద్రపు చుట్టాలు పెళ్ళికి రాకపోయినా తద్దినానికి తప్పకుండా వస్తారు కదా, అలాగ.

మనిషి ఒక్కడయ్యాక తెలిసిన సంగతేమిటంటే, ఒక్కడి కోసం పొయ్యి ముట్టించడమంత చిరాకు పని ఇంకోటి లేదు. రేషన్ బియ్యం వస్తాయి. అందులో సగం ఆయన ఇంటికి కూడా చేరవు. మోపెడ్ మీద సంచి వేసుకుని తిరిగే బేరగాడికి పోసి, ఆ పైసలతో కరుణాకర్ హోటల్‌కు పోయేవాడు. తాను ఒక చాయ్ తాగి, పక్కన కూర్చున్న నలుగురికి చాయ్ చెప్పేవాడు. చాయ్ ఉన్నంతసేపు ఆ నలుగురూ ఆయన చెప్పింది వింటారు. గ్లాసు అడుగు కనిపించగానే లేచిపోతారు. బుచ్చిరాములు వాళ్ళ వెనక చూసి, "కుక్కలు నయం, బొక్క అయిపోయినంక జరసేపు తోకన్న ఊపుతయ్" అనేవాడు. మర్నాడు మళ్ళీ వాళ్ళకే చాయ్ చెప్పేవాడు. అలా నెల సగానికల్లా బియ్యం డబ్బా ఖాళీ.

ఆ వాడలో ఒక రివాజు ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి ఏ ఇంట్లోంచి పోపు వాసన రాలేదో, ఆ ఇంటి గురించి పక్కింట్లో మాట మొదలవుతుంది. "పొయ్యి ముట్టలేనట్టున్నదే" అని గుసగుసలు పోతారు, జాలి పడతారు, ఆ జాలిని వీధి చివరిదాకా మోసుకుపోయి పంచిపెడతారు. బుచ్చిరాములుకు ఆకలి ఒక లెక్క కాదు. ఆ జాలే ఆయనకు మింగుడుపడేది కాదు. అందుకని ఇంట్లో గింజ లేకపోయినా పొద్దు నడినెత్తికి రాగానే గ్యాస్ పొయ్యి ముట్టించేవాడు. మూకుట్లో చెంచాడు నూనె పోసి, ఆవాలు, ఎండుమిరపకాయ, దంచిన ఎల్లిపాయ వేసేవాడు. అవి చిటపటమంటుంటే గరిటెతో మూకుడును టంగుటంగుమని కొట్టేవాడు. గోడవైపు తిరిగి, "అబ్బ, ఏం ఘాటున్నదిరా" అని దగ్గేవాడు. తర్వాత పొయ్యి ఆపేసి, కాసేపు మూకుడు ముందు కూర్చుని, రెండు చెంబుల నీళ్ళు తాగి, గోడ దద్దరిల్లేలా తేన్చేవాడు. ఆ తేన్పు తీయడానికి పడిన కష్టం సాంచ మీద కూడా ఎన్నడూ పడి ఉండడు.

గోడకు అవతల దేవవ్వ ఉండేది. బీడీలు చుట్టే మనిషి, ఆమె కూడా ఒక్కతే, ఆమెకూ బీపీ. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, నోట్లో మాట పెట్టుకుని పొద్దంతా గడపలో కూర్చునేది. ఎంత తేన్పు వినిపించినా తల ఎత్తేది కాదు.

వాడ చివర ఒక బస్తీ దవాఖాన ఉంది. బుధవారం బుధవారం షుగరు, బీపీ ఉన్నవాళ్ళను చూస్తారు. నిరంజన్ అని కొత్త డాక్టరు వచ్చాడు. మెడలో గొట్టానికి ఇంకా కొత్త వాసన పోలేదు. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే పైనుంచి ఒక హుకుం దిగింది. షుగరు మనిషికి గోలీలిచ్చి పంపితే సరిపోదు, ఇంట్లో కడుపునిండా తింటున్నాడా, మాట్లాడే దిక్కుందా అని కూడా అడిగి తెలుసుకోవాలట. మాట మంచిదే. కానీ మంచి మాటను పాడు చేయడానికి మనవాళ్ళకు ఒక్క వరండా చాలు.

ఆ వరండాలో ఇటు బల్ల మీద ఒకరి వియ్యపురాలు, అటు బల్ల మీద ఇంకొకరి పాత పగవాడు, మెట్ల మీద సగం వాడ కూర్చుని ఉండగా, డాక్టరు కుర్చీలోంచి గట్టిగా అడగడం మొదలుపెట్టాడు. "ఇంట్ల తిండికి ఇబ్బందున్నదా? ఒంటరిగ అనిపిస్తదా?" ఎవడు చెబుతాడు? ఆ ప్రాంతంలో మనిషి మనిషికి ఎదురుపడితే "తిన్నవా?" అంటారు, "తిన్న" అని జవాబొస్తుంది. అది మర్యాద. శవాన్ని పాడె మీద పడుకోబెట్టి అడిగినా "తిన్న" అని చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. డాక్టరు అడిగాడు, వాళ్ళు తిన్నామన్నారు. వాడంతా సుభిక్షం, రామరాజ్యం. ఇంత తేలిగ్గా కరువు పారిపోయిన చోటు భూమ్మీద ఇంకోటి ఉండదు.

బుచ్చిరాములు వంతు వచ్చింది.

"పెద్దాయనా, ఇంట్ల ఎవలెవలుంటరు?"

"నేనుంట, నా ఆకలుంటది సారూ. దానికి పెట్టుడే నా నౌకరి."

"తిండికి ఇబ్బందేమన్న ఉన్నదా?"

"ఉన్నది."

వరండా మొత్తం ఇటు తిరిగింది. బల్ల మీద వియ్యపురాలు చెవి మీద కొంగు కూడా జరిపింది. బుచ్చిరాములు అందరూ తిరిగేదాకా ఆగాడు.

"పొద్దుగాల తలకాయ కూర. పగటీలి బోటి. రాత్రికి బొక్కల పులుసు. కడుపు సూస్తే ఒక్కటే. ఏది యాడ పెట్టాల్నో సమజైతలేదు. గదే ఇబ్బంది."

జనం గొల్లుమన్నారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. నర్సు వనజ అప్పుడే వేలికి సూది గుచ్చి రక్తం చూసింది. షుగరు దండిగా ఉంది. ఉండక ఏం చేస్తుంది? ముందురోజంతా నీళ్ళ మీద ఉండి, పొద్దున కరుణాకర్ హోటల్లో తీపి చాయ్‌లో బన్నులు ముంచుకుని మింగి వచ్చిన ఒళ్ళు అది. డాక్టరు ఆ అంకెను చూశాడు, తలకాయ కూరను తలుచుకున్నాడు, రెండింటికీ ముడి వేశాడు.

"గిట్ల తింటే కాళ్ళు పోతయ్ పెద్దాయనా. మాంసం బంద్ పెట్టుండ్రి. గోలీ పెంచుతున్న."

బుచ్చిరాములు డాక్టరును ఎగాదిగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెప్పిన మాటను ఒక్క ముక్క అనుమానించకుండా, మొహంలో గీత కదలకుండా నమ్మినవాడు ఇతనే. పైగా ఇంత చదివినవాడు! "వీని దిమాక్ మీద మన్నువడ" అని లోపల తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఇంటిదాకా ఈల వేసుకుంటూ పోయాడు.

ఆ తర్వాత బుధవారమంటే ఆయనకు పండుగే. హోటల్లో చాయ్ పోసి కొనుక్కోవాల్సిన వినికిడి ఇక్కడ ఉత్తపుణ్యానికి దొరుకుతోంది. ఉట్నూరు నుంచి దోస్తు నాటుకోళ్ళు పంపాడని ఒకసారి చెప్పాడు. హుస్నాబాద్ మేకల అంగట్లో తన మొహం చూడగానే యాటలు తమంతట తామే త్రాసెక్కుతాయని ఇంకోసారి చెప్పాడు. డాక్టరు తల పట్టుకునేవాడు, బతిమాలేవాడు, భయపెట్టేవాడు. చివరికి గోలీ పెంచేవాడు. నోటితో తిన్న కోళ్ళకు ఒంటితో గోలీలు మింగుతున్నానని బుచ్చిరాములుకు తట్టలేదు. తట్టినా ఆపేవాడు కాదు.

ఇంతలో వనజ ఒక పని మొదలుపెట్టింది. వరండాలో అందరిముందు అడిగితే ఎవరూ చెప్పరని ఆమెకు తెలుసు, ఆమెదీ నేతగాళ్ళ ఇల్లే. డాక్టరును ఒప్పించి, బుధవారం అందరినీ పరగడుపునే రమ్మని చెప్పింది. రక్తం ఇచ్చాక ఎవరూ ఇంటికి పోకూడదు, అక్కడే వరుసగా కూర్చుని కలిసి తినాలి. మహిళా సంఘం ఆడవాళ్ళు జొన్నరవ్వతో వండిన గట్క, పప్పు, ఏదో ఒక ఆకుకూర వండి తెచ్చేవారు. షుగరుకు ఏది మంచిదో చూపించడానికి అని పైకి పేరు. ఆ పేరు చాటున జనం మొదట సిగ్గుపడుతూ, తర్వాత జాగా కోసం కొట్లాడుతూ కూర్చున్నారు. దేవవ్వ చేట ఇంట్లో పెట్టి మరీ వచ్చేది.

బుచ్చిరాములు గేటు దగ్గరే ఆగి మూతి తిప్పాడు.

"కాకా, రా. కూసో. నీ జాగ గీడ పెట్టిన" అంది వనజ.

"ఏంది బిడ్డా గిది? షుగరోళ్ళ బంతా? పెండ్లి లేదు, దావత్ లేదు, కంచాలు మాత్రం ఉన్నయ్. తప్పిపోయిన పెండ్లివారోలె కూసున్నరు అందరు."

"నాలుగు బుక్కలు తినిపో కాకా. ఏం వోయింది?"

"ఇంటికాడ యాటకూర సల్లారుతది. గీ గట్క తిని నోరు ఖరాబ్ చేసుకోవాల్నా?"

బంతిలోంచి దేవవ్వ తల ఎత్తకుండా అంది: "పోనియ్ బిడ్డా, పోనియ్. యాట ఎదురుసూస్తాంది."

ఆ మాటలో ఏదో గుచ్చుకుంది ఆయనకు. తిరిగి చూడకుండా పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆవాలు రెండు చిటికెలు ఎక్కువ వేశాడు.

పెరిగిన గోలీ తన పని తాను చేసింది. షుగరు గోలీకి కథలు అర్థం కావు, కడుపులో కోడి ఉందో నీళ్ళున్నాయో అది చూడదు. మింగితే షుగరును దించుతుంది, అంతే. అన్నం పడని రోజుల్లో పూట గడిచేసరికి బుచ్చిరాములు చేతులు వణికేవి, ఒళ్ళంతా చెమట కారేది, కళ్ళముందు చీకట్లు తిరిగేవి. కరుణాకర్ హోటల్లో ఒకసారి గ్లాసు చేతిలోంచి జారి పగిలింది.

"ఏమైందే బుచ్చన్నా, పోయేటట్టున్నవ్?" అన్నాడు కరుణాకర్.

"పోవుడా? కొండగట్టు అంజన్న ఒంటి మీదికొచ్చిండు. వాయువేగం కదా, చెయ్యి ఆగుతదా?"

హోటలంతా నవ్వింది. గ్లాసు పైసలు కరుణాకర్ వసూలు చేసుకున్నాడు. దేవుడు వచ్చినా దేవుడి దగ్గర కూడా వసూలు చేసే మనిషి అతను.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం దేవవ్వకు గోడ అవతల పోపు చిటపటమంది. మూకుడు మోగింది. దగ్గు వినిపించింది. ఆ తర్వాత తేన్పు రాలేదు. కాసేపటికి నల్లటి పొగ గోడ మీదుగా దేవవ్వ చేటలోకి దిగింది. ఆమె తునికాకు విసిరేసి పోయి తలుపు తోసింది. పొయ్యి మీద మూకుడు మాడి మసైపోతోంది. దాని ముందు బుచ్చిరాములు పక్కకు ఒరిగి, చెమటలో తడిసిపోయి, ఎవరితోనో గొణుగుతున్నాడు. "జీపు ఎక్కిందా? ఎక్కినంక?" అంటున్నాడు.

దేవవ్వ ముందు పొయ్యి ఆపింది. తర్వాత ఇంటికి ఉరికి చక్కెర డబ్బా తెచ్చి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చిటికెడు చిటికెడు చక్కెర చెంపలోపల రుద్దింది. దవాఖాన బంతిలో వనజ అందరికీ చెప్పిన ఉపాయమే అది, ఆ బంతిలో కూర్చోని పెద్దమనిషి ఒక్కడికే తెలియదు. మింగడం వచ్చాక చక్కెర నీళ్ళు పట్టింది. కాసేపటికి కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటి మాట: "కూర మాడిందా?"

"ఏం కూర?"

"తలకాయ..."

"నోరు ముయ్యి. మూకుట్ల ఆవాలు తప్ప ఏమున్నయ్? నీ తలకాయ ఉన్నది, గదొక్కటే. గదన్న ఉడకలే ఇంకా."

బుచ్చిరాములు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు చివరికి.

"రోజు పోపు సప్పుడైతది, గిన్నె తోమిన నీళ్ళు ఒక్కనాడు మోరిల పడయి. నేనేమన్న గుడ్డిదాన్నా, ముక్కు లేనిదాన్నా? తలకాయ కూర వండినోని మోరి ఎట్లుంటది? వాడకట్టు కుక్కలన్ని గీడనే ఉండాలె. నీ మోరికాడికి పిల్లి గూడ రాదు."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఏం జేస్తువు? ఇంకింత నూనె పోస్తువు."

ఆమె పోయి తన గిన్నెలోంచి అన్నం, చింతకాయ తొక్కు తెచ్చి ముందు పెట్టింది. "కడుపు నిండుగున్నది" అన్నాడు. "నీళ్ళతోని" అంది ఆమె. ఆయన ఆమె వైపు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. ఎంత తొందరగా తిన్నాడంటే, వెనకనుంచి చూస్తే ఎవరో తరుముతున్నట్టుంది.

"గిట్ల గోలీ మింగితే మల్లొకసారి లేవవు" అంది దేవవ్వ. "పొయి సారుకు చెప్పు. తింటలేనని చెప్పు, తక్కువ చేస్తడు."

"వానికా? గా పోరనికా? గంతమంది ముంగట? సత్తగని చెప్ప."

"సావు మల్ల. గని జర దూరం వొయి సావు. బీడీలు సుట్టెటోల్లం, పొద్దంత గడపల కూసుంటం, నీ శవాన్ని సూసుకుంట కూసోవాల్నా? ఆకులకు వాసన పడితె కంపినోడు వాపస్ కొడతడు."

"నువ్వన్న చెప్తవా ఏంది?"

"నేనెందుకు చెప్త? నీ నోరు ఊరంత ఉన్నది. తిండి లేకున్న దానికి బలుపు తక్కువ గాలే."

బుచ్చిరాములుకు తెలివి ఎక్కువ. అబద్ధమూ వదలకుండా, ప్రాణమూ వదలకుండా మూడో దారి ఒకటి కనిపెట్టాడు. గోలీలు మింగడమే మానేశాడు. రెండు మూడు రోజులు వణుకు రాలేదు. చూశారా, డాక్టర్ల కంటే నేనే నయం అని హోటల్లో ఛాతీ విరిచాడు. ఆ తర్వాత అరికాళ్ళు మంటలు మొదలయ్యాయి. దాహం ఎంత అంటే, మానేరు వాగుకు మూతి పెట్టినా తీరేట్టు లేదు. రాత్రంతా లేవడమే సరిపోయేది. చూపు మసకబారి, ఒకరోజు ఎదురుగా వచ్చే కరెంటు స్తంభాన్ని "ఏం మామా, బాగున్నవా?" అని పలకరించాడు. స్తంభం పలకకపోయేసరికి, వీడికి కూడా బలుపే అనుకుని పోయాడు.

బుధవారం దవాఖానలో వనజ వేలికి గుచ్చి, యంత్రం చూసి, మళ్ళీ గుచ్చి చూసింది. మొహం మాడిపోయింది. డాక్టరు లేచి వచ్చాడు.

"గింతగనం గోలీలిచ్చినా గింత షుగరా? పెద్దాయనా, నేను మొత్తుకునేది మీకు ఇంటున్నదా? ఈ వారం ఏం తిన్నరు? మల్ల తలకాయనా?"

బుచ్చిరాములు నోరు అలవాటుగా తెరుచుకుంది. యాటలు త్రాసెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇగ గోలీలతోని కాదు" అన్నాడు డాక్టరు. "రేపటిసంది ఇన్సులిన్ సూది. పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. వనజా, సూది ఎట్ల వేసుకోవాల్నో పెద్దాయనకు చూపియ్యి."

వనజ సూది తెచ్చి బల్ల మీద పెట్టింది. వరండాలో ఎదురుగా దేవవ్వ కూర్చుని ఉంది. ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. గోలీ అయితే పారేయవచ్చు. ఈ సూది ఖాళీ కడుపులో పడితే మాత్రం చక్కెర డబ్బా తెచ్చేదాకా కూడా ఆగదు. అది బుచ్చిరాములుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సూది వేసుకోనంటే కళ్ళూ కాళ్ళూ పోతాయి. ఇంక అటు దారి లేదు, ఇటు దారి లేదు, ఉన్నదల్లా నోరు.

చచ్చినా చెప్పనన్న మాట చెప్పాలి. కానీ నోరు దించి, తల వంచి, "తింటలేను సారూ" అనడం ఆయన వంశంలో లేదు. బుచ్చిరాములు లేచి నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టాడు.

"ఓ డాక్టర్ సాబ్! నిన్నొక మాట అడుగుత. నీ తల్లిదండ్రులు నిన్ను పైసలు పెట్టే సదివిచ్చిండ్రా, ఉద్దెర సదువా?"

మెట్ల మీదివాళ్ళు మెడలు చాచారు.

"ఏమన్నరు?" అన్నాడు డాక్టరు.

"పొద్దుగాల తలకాయ కూర ఎవడు తింటడయ్యా? నిజాం నవాబు తిన్నడా? ఒక్క మనిషి ఒక్క పూటల తలకాయ ఖతం జేస్తడా? నాకు మీద నాలుగు పండ్లు లేవు, బొక్కలు ఎట్ల కొరికిననుకున్నవ్? సూడు, నోట్లె సూడు! దవాఖాన పెట్టుకున్నవ్, నోరు తెరువుమని ఒక్కనాడన్న అన్నవా? యాటలు తమంతట తామే త్రాసెక్కుతయంటె గూడ నమ్మితివి. కోతి జీపెక్కిందంటె గూడ నమ్ముదువు. అదృష్టం, నీకు గది చెప్పలే. చెప్పుంటె కోతికి గూడ గోలీలు రాసిస్తుంటివి!"

నవ్వు వరండా పైకప్పు లేపింది. వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు మొహం పండు మిరపకాయలా అయింది. బుచ్చిరాములుకు కావలసిందీ అదే. వాళ్ళు నవ్వుతున్నంతసేపు డాక్టరును చూస్తారు, తనను చూడరు. ఆ చాటున చెప్పేది చెప్పేయవచ్చు.

నవ్వు తగ్గాక డాక్టరు నెమ్మదిగా అడిగాడు. "మరి ఏం తింటున్నరు?"

"చాయ్."

"ఇంకా?"

"ఉంటె బన్ను. లేకుంటె ఇంకో చాయ్."

ఒకరిద్దరు నవ్వబోయారు. దేవవ్వ అటు చూసింది. నవ్వు అక్కడే చచ్చింది.

"అందుకేనా వణుకు? పడిపోయిండ్రా ఎప్పుడన్న?"

"ఒక్కసారి. గది గూడ నీ గోలీ బలం. అప్పటిసంది మింగుడే బంద్ పెట్టిన. మందైతే మంచిదే, మనిషికే దిమాక్ లేదు."

డాక్టరు సూది తీసి పక్కన పెట్టాడు. గోలీ తగ్గించాడు, ఒక్కటే ఉంచాడు. అది కూడా బుక్క నోట్లో పడ్డాకే మింగాలి, తినని పూట గోలీ ముట్టకూడదు అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మిగిలినవి వనజకు అప్పజెప్పమన్నాడు. వచ్చే బుధవారం తప్పకుండా రమ్మన్నాడు. క్షమించమని ఇతనూ అనలేదు, అతనూ అనలేదు. ఇద్దరి మొహాల్లోనూ పొగరు అలాగే ఉంది. వనజ మాత్రం ఏమీ విననట్టు గట్క కంచం తెచ్చి బంతి చివర పెట్టింది.

అప్పటిదాకా కిక్కురుమనని ఒక ముసలాయన, బుచ్చిరాములు పాత పగవాడు అంజన్న, నేల చూస్తూ అన్నాడు: "సారూ, నేను గూడ తిన్నననే చెప్పిన. గని..."

"నీ మొఖం" అన్నాడు బుచ్చిరాములు. "ఇన్నొద్దులు చెప్పక, ఇయ్యాల నా వెనుక దూరుతున్నవా? నడువు, జరుగు, జాగియ్యి." అని ఆయన పక్కనే కూర్చున్నాడు. వాళ్ళిద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. గొడవ దేని గురించో ఇద్దరూ మరచిపోయారు, పగ మాత్రం దాచుకున్నారు.

ఆ రోజు నుంచి డాక్టరు వరండాలో గట్టిగా అడగడం మానేశాడు. ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి అడిగేవాడు. ఆ మాత్రం తెలివి రావడానికి వాడంతా నవ్వాల్సి వచ్చింది. దేవవ్వ తన పొయ్యి మీదే రెండు పూటలా ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ పోసేది. బదులుగా బుచ్చిరాములు రేషన్ బియ్యం మోపెడ్‌వాడికి కాక ఆమె డబ్బాలో పోసేవాడు. "నీ వంట తినుడంటె శిక్ష అనుభవించుడే" అని రోజూ చెప్పేవాడు. "కారాగారం గీడనే, తలుపు తీసే ఉన్నది, పో" అని ఆమె రోజూ అనేది.

తర్వాతి బుధవారం లోపలి గదిలో డాక్టరు అడిగాడు. "నిన్న ఏం తిన్నరు పెద్దాయనా?"

"పొద్దుగాల అంబలి. పగటీలి అన్నం, గోంగూర పప్పు. రాత్రి జొన్న రొట్టె."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "నిజంగనా?"

"నిజమే."

"దేవవ్వ గారిని పిలవాల్నా?"

బుచ్చిరాములుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అబద్ధాలాడినన్ని రోజులు దేవుని వాక్కులెక్క నమ్మితివి. ఇయ్యాల నిజం చెప్తె సాక్షులు కావాల్నా? ఏం మనిషివయ్యా నువ్వు!"

"నా కండ్లతోని సూస్తెనే నమ్ముత" అన్నాడు డాక్టరు. లేచి ఆయన వెంటే వరండాలోకి వచ్చి, బంతి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పోలీసోడు దొంగకు కాపలా కూర్చున్నట్టు ఉంది. బుచ్చిరాములు గట్కలో పప్పు కలిపి ఒక బుక్క తిన్నాడు, రెండో బుక్క ఎత్తి ఆగాడు. డాక్టరు చూపు తన మొహం మీద లేదు, కంచం మీద ఉంది.

"సారూ, నీ బువ్వ ఎవలు వండుతరు?"

"నాకా? రూముల... పార్సల్ తెచ్చుకుంట. ఆకలి లేదు నాకు."

బుచ్చిరాములు ఆ మాటను నాలుక మీద వేసుకుని రుచి చూసినట్టు చూశాడు. ఇంత నాసిరకం సరుకు ఆయన జన్మలో చూడలేదు.

"నాకాడ గిసోంటియి నడవయ్ బిడ్డా. నేను గీ దుకాణంలనే ముసలోన్నైన. వనజా, ఇంకో కంచం తే."

వనజ కంచం తెచ్చింది. డాక్టరు వద్దు వద్దంటూనే స్టూలు దిగి, అంజన్నకూ బుచ్చిరాములుకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వేళ్ళ కొసలతో గట్కను గిల్లి, ఎంగిలి అంటుతుందేమో అన్నట్టు నోటిదాకా తెచ్చాడు. బుచ్చిరాములు కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఓర్వలేకపోయాడు.

"సూడుండ్రి, గింత సదివిండు, గట్క తినుడు రాదు. గట్ల గిల్లితె అది ఏడుస్తది సారూ. నాలుగు వేళ్ళు పెట్టి పిసుకు. ఇంకా. ఇంకా... ఆఁ, ఇప్పుడు మింగు."